మెడ చుట్టూ కాసింత గాలి

మూడు వందల గ్రాముల లావుపాటి ఊలు, 8 మిల్లీమీటర్ల క్రోషా సూది, తీరుబాటుగా కొన్ని సాయంత్రాలు ఉంటే 20 సెంటీమీటర్ల వెడల్పు, 160 సెంటీమీటర్ల పొడవున్న మఫ్లర్ ఒకటి తయారవుతుంది. వేళ్లతో నొక్కకుండా కొలిస్తే దాని మందం సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ మఫ్లర్ ఆక్రమించిన చోటు 2,560 ఘన సెంటీమీటర్లు. ఉన్ని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.31 గ్రాములు కనుక, అందులో అసలు ఉన్ని ఉన్నది 229 ఘన సెంటీమీటర్లలోనే. అంటే నూటికి తొమ్మిది పాళ్లు ఉన్ని, తక్కిన తొంభై ఒక్క పాళ్లూ గాలి.

చికాగోలో ఉంటున్న నా స్నేహితురాలికి ఫోనులో ఈ లెక్క చెబితే, "గాలి ఇక్కడ కావలసినంత ఉందే, దానికి మళ్లీ పోస్టు ఖర్చు ఎందుకు?" అంది. అక్కడి గాలి సంగతి నిజమే. కాకపోతే అది వీచే గాలి, మఫ్లర్లో ఉన్నది వీచలేని గాలి. ఊలు ఎంపిక, సూది లావు, కుట్టు తీరు... అల్లేవాళ్లు అలవాటుగా చేసే నిర్ణయాలన్నీ ఆ తేడా చుట్టూనే తిరుగుతాయి.

కదలని గాలి వేడిని చాలా మందకొడిగా మోస్తుంది. ఉన్ని పోగు దానికంటే ఏడెనిమిది రెట్లు, నీరు సుమారు ఇరవై నాలుగు రెట్లు చురుగ్గా మోస్తాయి. వేడిని ఆపే పనిలో ఉన్ని తనంతట తాను పెద్ద మొనగాడేమీ కాదన్నమాట. దానికి అప్పజెప్పిన పని గాలికి కాపలా కాయడం. వదిలేస్తే మెడ పక్కన వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, ఖాళీ అయిన చోటులోకి చల్లగాలి వస్తుంది, అది వేడెక్కి అదీ లేస్తుంది. పోగుల మధ్య సందు మిల్లీమీటరు, అంతకంటే తక్కువ ఉంటే ఈ తంతు మొదలవదు. అంత ఇరుకులో గాలికి దాని జిగటే అడ్డమొస్తుంది.

బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి 1941లో గాగీ, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 'క్లో' అనే కొలమానం ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి చలి వేయకుండా ఉంచే దుస్తుల విలువ ఒక క్లో. ఆఫీసుకు వేసుకెళ్లే సూటు ఇంచుమించు అంత. బట్ట ఏ పోగుతో నేసిందైనా, సెంటీమీటరు మందానికి ఒకటిన్నర క్లో పైచిలుకు వస్తుందన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న మోటు లెక్క. దాని ప్రకారం మన మఫ్లర్ ఒక చుట్టుకు 1.3 క్లో, రెండు చుట్లు తిప్పితే రెండున్నర. మెడ మేరకు రెండు సూట్ల పైమాటే! సూత్రంలో పోగు రకం లేకపోవడం గమనించండి. లెక్కలోకి వచ్చేది మందమొక్కటే. 'లావు ఊలుతో, ఉబ్బెత్తు కుట్లతో అల్లు' అని చలిదేశాల వాళ్లు అడగడానికి కారణం ఇదే. ఎవరూ వాళ్లకు సూత్రం చెప్పి ఉండరు, మెడే చెప్పి ఉంటుంది.

అయితే అందరూ మెడనే ఎందుకు కప్పుకుంటారు? కోటు లోపల ఒంటి వేడికి తేలికైన గాలి పైకి లేచి కాలరు సందులోంచి బయటపడుతుంది, ఆ లోటు తీర్చడానికి కింది అంచు నుంచి చల్లగాలి లోపలికి దూరుతుంది. వంటింటి పొగగొట్టం పనిచేసేది సరిగ్గా ఇలాగే. మఫ్లర్ ఆ గొట్టం మూతి మూస్తుంది. దానివల్ల లాభపడేది మెడ ఒక్కటే కాదు, కోటు కింద ఉన్న ఒళ్లంతా.

ఒక హెచ్చరిక. క్రోషా బట్టకు కన్నాలెక్కువ. ఎదురుగాలి తగిలితే లోపల నిలవున్న గాలి కాస్తా కొట్టుకుపోతుంది. అందుకే దీన్ని కోటు మీద వేలాడేయకూడదు, కాలరు లోపలికి దోపుకోవాలి. ఫొటోల్లో వేలాడేసుకున్నదే అందంగా కనిపిస్తుంది, నిజమే. చలికి ఫొటోలతో పనిలేదు.

ఆ కన్నాలే ముఖ్యమైన చోటు మనకు గోదావరి డెల్టాలో ఉంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో స్త్రీలు సన్నని నూలుదారంతో, సన్నని ఉక్కు సూదితో అల్లే లేసులో అందమంతా ఖాళీలదే. 19వ శతాబ్ది మధ్యలో మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చిన ఈ పని, తరాల తరబడి ఇళ్ల అరుగుల మీద సాగి, టేబుల్ క్లాత్‌లుగా, కాలర్లుగా విదేశాలకు ఎగుమతైంది. 2024లో దీనికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడి లేసుకూ చికాగో మఫ్లర్‌కూ వెచ్చదనంలో పోలికే లేదు. కానీ చేతిలో సూది చేసే పని అదే.

ఆ పనిని దగ్గరగా చూద్దాం. సూది మీద ఎప్పుడూ ఒక ఉచ్చు ఉంటుంది. కొక్కేన్ని కింది వరసలో ఒక కుట్టు తలకింద దూర్చి, అవతల దారాన్ని పట్టి, ఇవతలికి లాగుతాం. ఇప్పుడు సూది మీద రెండు ఉచ్చులు. మళ్లీ దారం పట్టి రెండింటిలోంచీ ఒకేసారి లాగితే మిగిలేది మళ్లీ ఒక్కటే. ఒక కుట్టు పూర్తయింది. దారాన్ని ముందే సూదికి ఒకటిరెండు సార్లు చుట్టి మొదలుపెడితే కుట్టు ఎత్తుగా వస్తుంది, అంతే తేడా. ఏ కుట్టు ముగిసినా, విప్పుకుపోవడానికి సిద్ధంగా ఉన్న ఉచ్చు బట్ట మొత్తానికి ఒక్కటే. రెండు సూదులతో స్వెటర్ అల్లేటప్పుడు అలా కాదు. వరసలో ఎన్ని కుట్లున్నాయో అన్నీ తెరిచిన ఉచ్చులై సూది మీద వేలాడుతుంటాయి. ఒకటి జారితే అది కింది వరసల్లోకి నిచ్చెనలా దిగిపోతుంది. సూది పెట్టె ఏ పిల్లాడో తన్నేసి పోయే ఇళ్లలో క్రోషానే క్షేమం.

ఈ తేడాకు ఇంకో ఫలితం ఉంది. స్వెటర్ అల్లికలో ఉచ్చులన్నీ సూదుల మీద వరసగా, తెలిసిన చోట్లలో ఉంటాయి కాబట్టి యంత్రానికి పని తేలిక. ఇంగ్లండులో విలియం లీ 1589లోనే మేజోళ్లు అల్లే యంత్రం చేశాడు. క్రోషాలో అలా కాక, కొక్కెం ప్రతిసారీ ఇప్పటికే అల్లిన మెత్తని, మెలితిరిగిన బట్టలో సరైన కన్నం వెతుక్కుని దూరాలి. వేళ్లకు ఇది తడిమితే తెలిసిపోతుంది. యంత్రానికి తెలిసేలా చేయడం ఎంత కష్టమంటే, అసలు సిసలు క్రోషాను టోకున తీసే యంత్రం ఈనాటికీ మార్కెట్లో లేదు. దుకాణాల్లో క్రోషా పేరుతో దొరికే యంత్రపు బట్ట చాలావరకు వేరే రకం అల్లిక. చేత్తో అల్లిందే అయితే, చౌకగా ఎక్కడ కనిపించినా, అందులో ఒక మనిషి చేతులున్నట్టే. ఆ చేతులకు ముట్టిన కూలి ఎంతో ధర చీటీ చెప్పదు. నరసాపురం లేసు స్త్రీల మీద మరియా మీస్ 1982లో రాసిన పుస్తకానికి ఆ కూలే వస్తువు.

మళ్లీ దారం దగ్గరికి వద్దాం. ముళ్లు వేయలేదు, జిగురు పూయలేదు, అయినా లాగితే ఊడిపోదు. ఎందుకని? జవాబు ఎడమచేతి చూపుడువేలి మీద ఉంది. అల్లేవాళ్లు దారాన్ని వేళ్ల చుట్టూ ఒక మెలిక తిప్పి పట్టుకుంటారు కదా. గుండ్రటి వస్తువు చుట్టూ తిరిగిన తాడులో బిగువు, చుట్టిన కోణాన్ని బట్టి హెచ్చువేతల్లో పెరుగుతుందని గణితవేత్త ఆయిలర్ 18వ శతాబ్దంలోనే లెక్క కట్టాడు. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, సగం చుట్టుకు ఒక వైపు బిగువు రెండో వైపు కంటే 2.6 రెట్లు ఉండవచ్చు. పూర్తి చుట్టుకు 6.6 రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు! రేవులో పడవ తాడును గుంజకు రెండు చుట్లు తిప్పిన మనిషి ఒంటిచేత్తో పడవను ఆపగలిగేది దీనివల్లే. వేలి మీద అర చుట్టు పెంచామా, కుట్లు బిగుసుకుంటాయి. తగ్గించామా, వదులవుతాయి. కుట్టు లోపల కూడా దారం పక్క దారాల మీదుగా మళ్లీ మళ్లీ వంగుతుంది, ప్రతి వంపూ బిగువును ఇంత చొప్పున మింగేస్తుంది. నాలుగైదు కుట్లు దాటేసరికి బయట లాగిన లాగుడు లోపలికి చేరదు. కొసల్ని ముడివేయకుండా, లావు సూదితో కుట్ల మధ్య అటూ ఇటూ తిప్పి దాచేస్తే చాలుననడానికి ఆధారం ఇదే. తిప్పేటప్పుడు ఒకసారైనా దిశ మార్చాలి. తిన్నగా దూర్చిన కొస ఉతుకుల్లో జారి బయటికొస్తుంది.

ఇక లావు సంగతి. మామూలు ఊలు బదులు రెండింతల లావున్నది తీసుకుంటే ఏమవుతుంది? రెండింతల ఊలు పడుతుందని చాలామంది అంచనా. తూకంలో అది నిజమే, పొడవులో కాదు. దారం వ్యాసం రెండింతలైతే, దానికి తగ్గ సూదితో ఒక్కో కుట్టు అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు అవుతుంది. అదే కొలత మఫ్లర్‌కు కుట్లు పావువంతే చాలు. ఒక్కో కుట్టుకు పట్టే దారం పొడవు రెండింతలు కనుక మొత్తం పొడవు సగానికి పడిపోతుంది. కానీ మీటరు దారం బరువు నాలుగింతలు. సగం పొడవు, నాలుగింతల బరువు, వెరసి రెండింతల తూకం. మందం కూడా రెండింతలే. పావువంతు శ్రమకు రెండింతల వెచ్చదనం! పండక్కి ముందు హడావుడిగా బహుమతి అల్లేవాళ్లు లావు ఊలు ఎంచుకోవడం సోమరితనం కాదు, మంచి గణితం. పోస్టు ఖర్చు మాత్రం తూకాన్ని బట్టి పడుతుంది.

ఇక్కడొక మెలకువ ఉంది. సన్నదారానికి అలవాటు పడ్డ చేతులు లావు ఊలునూ చిన్న సూదితోనే బిగించి అల్లుతాయి. అలా వచ్చిన బట్ట అట్టలా నిలబడుతుంది, మెడ చుట్టూ తిరగదు. అల్లిక సాగడంలో దారం సాగేది కొంచెమే. ఉచ్చు ఆకారం మారుతుంది, అంటే వంపులో ఉన్న దారం తిన్నబడుతుంది. వంగి తిన్నబడటానికి దాని చుట్టూ చోటుండాలి, దారంలో పోగులు ఒకదాని మీద ఒకటి జారాలి. లావు ఊలును వదులు పురితో వడకడం, దానికి ఆరున్నర నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల సూదులు వాడటం అందుకోసమే. ఊలు ఉండకు చుట్టిన కాగితం మీద రాసి ఉన్న సూది కొలత సుమారు లెక్క మాత్రమే. పది కుట్లు, పది వరసల ముక్క ఒకటి అల్లి, మడతపెట్టి చూసి, మెత్తగా మడత పడితేనే ముందుకు పోవాలి.

ఉబ్బెత్తు కుట్లలో నాకు నచ్చినవి కాడను పట్టి అల్లేవి. ఫ్రంట్ పోస్ట్, బ్యాక్ పోస్ట్ అంటారు. మామూలుగా కొక్కెం కింది కుట్టు తలలోకి దూరుతుంది. వీటిలో తలను వదిలేసి, కింది కుట్టు నిలువు కాడ చుట్టూ తిరుగుతుంది. ముందు నుంచి తిరిగితే కాడ ముందుకు ఉబుకుతుంది, వెనక నుంచి తిరిగితే వెనక్కి నొక్కుకుపోతుంది. నాలుగు ముందుకు, నాలుగు వెనక్కి చొప్పున కొన్ని వరసలు వేసి, ఆ తర్వాత తారుమారు చేస్తే తాటాకు బుట్ట నేత కనిపిస్తుంది. నిజానికి ఏదీ దేని కిందనుంచీ పోలేదు, అంతా ఒకటే దారం. ముందుకొచ్చిన గళ్లు, వెనక్కి తగ్గిన గళ్లు వేర్వేరు మట్టాల్లో ఉండటం వల్ల, అదే దారంతో బట్ట మందం పెరుగుతుంది. పల్లాలు మిల్లీమీటర్ల లోతే కనుక వాటిలో గాలీ నిలుస్తుంది. దీనికి మూల్యం లేకపోలేదు. కాడను పట్టిన కుట్టు పొట్టిగా వస్తుంది, వరస ఎత్తు తగ్గుతుంది, ఊలు ఎక్కువ తింటుంది. మూడు ఉండలు చాలునని లెక్కేసిన మఫ్లర్‌కు నాలుగోది తెచ్చిపెట్టుకోవడం మంచిది, అదీ ఒకే రంగు బ్యాచ్ నంబరుది. గుండ్రటి బుడిపెలు లేచే బాబుల్ కుట్లు కూడా మందమే ఇస్తాయి గానీ, బుడిపె ఒక వైపే లేస్తుంది. మెడకు చుట్టిన మఫ్లర్‌కు రెండు వైపులూ కనిపిస్తాయి. వెనకవైపు చూపించడానికి సిగ్గుపడే బట్ట నాకెందుకో నచ్చదు.

ఇంత చేసి స్నేహితురాలి మెడకు చుడితే "గుచ్చుకుంటోందే" అంటుందనుకోండి. తనకు ఉన్ని పడదు, ఎలర్జీ అని ఆవిడే తీర్మానించుకుంటుంది. చాలాసార్లు అది ఎలర్జీ కాదు, యాంత్రికశాస్త్రం. బట్ట ఉపరితలం నుంచి లేచిన పోగుల కొసలు చర్మాన్ని పొడుస్తాయి. సన్నటి కొస అయితే చర్మానికి తగలగానే వంగిపోతుంది. లావుది వంగకుండా నిలబడి, నొప్పిని పసిగట్టే నాడి కొసల్ని రేపుతుంది. ఒక కొస ముక్కాలు మిల్లీన్యూటన్ బలాన్ని వంగకుండా మోయగలిగితే చాలు, చురుక్కుమంటుంది. సన్నటి కడ్డీ వంగిపోయే ముందు మోసే బరువు దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. ఇదీ ఆయిలర్ సూత్రమే. 18 మైక్రాన్ల మెరినో పోగు కంటే 36 మైక్రాన్ల ముతక పోగు రెండింతలే లావు, కానీ పదహారు రెట్లు గట్టిగా పొడుస్తుంది. తెలంగాణలో కురుమలు దక్కనీ నల్లగొర్రెల ఉన్నితో నేసే గొంగడి ఒంటికి ఆనించుకున్నవాళ్లకు ఈ నాలుగో ఘాతం వేరే చెప్పనక్కర్లేదు. గొంగడి చేసింది వానలో గొర్రెల వెంట తిరగడానికి, నేల మీద పరుచుకోవడానికి. మెడకు కావలసింది వేరు. (మన నెల్లూరు గొర్రెను ఈ చర్చలోకి లాగకండి. దానికి ఉన్నే ఉండదు, ఉన్నది పొట్టి వెంట్రుకలు.)

ఉన్నికున్న అసలు ప్రత్యేకత తేమ దగ్గర బయటపడుతుంది. పోగు పైపొర నీటిబొట్టును జారవిడుస్తుంది, లోపలి కెరటిన్ అనే ప్రొటీన్ మాత్రం నీటి ఆవిరిని పట్టుకుంటుంది. తన బరువులో మూడోవంతు దాకా తేమను తాగి కూడా తడిగా అనిపించదు. ఆవిరి పోగులో చిక్కుకున్నప్పుడు వేడి విడుదలవుతుంది, గ్రాముకు 2,400 జౌళ్లకు తగ్గకుండా. హీటరు పెట్టిన పొడి గదిలోంచి చలిలోకి వచ్చిన మనిషి ఊపిరితో, చెమటతో మఫ్లర్ అరగంటలో పది గ్రాముల తేమ పీల్చుకుందనుకుంటే, ఆ సేపు అది 13 వాట్ల చొప్పున వేడి ఇచ్చినట్టు. అందులో చాలాభాగం బయటికే పోతుంది, అయినా చలిలోకి అడుగుపెట్టిన మొదటి నిమిషాల్లో ఆ కాస్తే తేడా తెలుస్తుంది. అప్పు తీర్చేది మళ్లీ గదిలోకి వచ్చాక: ఆరేటప్పుడు అంత వేడినీ అది గది నుంచే లాక్కుంటుంది. ఎక్రిలిక్ పోగు తేమ పీల్చేది నూటికి రెండు పాళ్లలోపే కనుక దానికి ఈ విద్య రాదు.

అలాగని ఎక్రిలిక్‌ను చిన్నచూపు చూడలేం. మన కొట్లలో ఊలు అని అడిగితే ఇచ్చేది చాలావరకు అదే. గాలిని పట్టి ఉంచే పని అదీ చక్కగా చేస్తుంది, గుచ్చుకోదు, వాషింగ్ మెషీన్‌కు బెదరదు. ఉన్ని మీద అలా భరోసా పెట్టలేం. ఉన్ని పోగు మీద పొలుసులు ఒకే దిశలో అతికి ఉంటాయి. ఒక వైపు నిమిరితే నున్నగా, రెండో వైపు గరుకుగా ఉంటుంది. సబ్బు నీళ్లలో పడి గిరగిరా తిరిగినప్పుడు ప్రతి పోగూ నున్నటి దిశలో ముందుకు జరుగుతుంది, వెనక్కి రాలేదు. కాసేపటికి అన్నీ ఒకదాన్నొకటి బిగించుకుని, 160 సెంటీమీటర్ల మఫ్లర్ పసిపిల్లకు సరిపోయే దళసరి కంబళి ముక్క అయి కూర్చుంటుంది. దీన్ని తిరిగి మామూలు చేసే ఉపాయం లేదు. సూపర్‌వాష్ అని రాసి ఉన్న ఊలులో పొలుసుల్ని క్లోరిన్‌తో అణచి, పైన సన్నని పాలిమర్ పూత పూస్తారు. బట్టలు రంగులవారీగా వేరుచేసే ఓపిక కూడా లేని స్నేహితురాలికైతే సూపర్‌వాష్ మెరినోనో, ఎక్రిలికో వాడండి. బహుమతి కదాని ఆవిడ స్వభావం మారదు.

అల్లడం పూర్తయ్యాక మఫ్లర్ అంచులు వంకరగా, గళ్లు ముడుచుకుని ఉంటాయి. ఉన్నిదైతే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, చాప మీద కావలసిన కొలతకు పరిచి ఆరబెట్టాలి. కెరటిన్ అణుమాలల్ని పక్కపక్కన పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీళ్లలో విడిపోతాయి, ఆరేటప్పుడు కొత్త చోట్లలో మళ్లీ కుదురుకుంటాయి. తడిజుట్టును రోలర్లకు చుట్టి ఆరబెడితే ఉంగరాలు తిరిగేదీ ఇందువల్లే. తర్వాతి ఉతుకుతో ఇదంతా చెరిగిపోతుంది, మళ్లీ పరచాల్సిందే. ఎక్రిలిక్‌కు నీళ్లతో పని జరగదు, ఆవిరి కావాలి, అదీ దూరం నుంచి. ఇస్త్రీపెట్టె తగిలిందా, పోగుల ఒంపులన్నీ చదునై, ఇంత కష్టపడి లేపిన గళ్లు నేలమట్టమవుతాయి. అవి మళ్లీ లేవవు.

పొట్లంలో మఫ్లర్‌తోపాటు ఊలు చుట్టకాగితం, అరమీటరు మిగులు దారం కూడా పెట్టండి. ఉతికే విధానం కాగితం మీద ఉంటుంది, ఎక్కడైనా తెగితే అతకడానికి దారం పనికొస్తుంది. ఉన్నిదైతే ఇంకో మాట కూడా చెప్పాలి. బట్టల చిమ్మట పిల్లపురుగుకు కెరటిన్ తిండి. ఆ ప్రొటీన్‌ను బిగించి ఉంచే గంధకపు బంధాల్ని తెంచి అరిగించుకోగల అరుదైన జీవుల్లో అదొకటి. చెమట, కూర మరకలు ఉన్న బట్ట దానికి మరీ ఇష్టం. అందుకని చలికాలం వెళ్లాక ఉతికి, పూర్తిగా ఆరాకే బీరువాలో పెట్టాలి. కన్నం కనిపిస్తే ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక సంచిని గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు, విప్పితే గదిలోని తేమంతా చల్లటి ఉన్ని మీద నీరై పేరుకుంటుంది.